అరచేత్తో చూసిన టైరు

నాన్న పాత లారీకి ముందు టైర్లు రెండూ లోపలి అంచునే అరిగిపోయాయి. బయట ఇంకా గళ్లు నిండుగా ఉన్నాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంది. అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోతుందనుకుని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాం. మేస్త్రి నా చెయ్యి పట్టుకుని టైరు మీద అడ్డంగా నిమిరించాడు. బయటివైపుకి నున్నగా జారింది. లోపలికి లాగితే రంపంలా గీసుకుంది. చక్రాలు ముందువైపు విచ్చుకుని నడిచాయట.

జాకీతో ఎత్తి, టైరు కింద గడ్డపార పెట్టి లేపాడు. ‘టక్’ మంది. నాన్నని బ్రేక్ తొక్కమన్నాడు. అయినా అదే ఊగుడు. బ్రేక్ తొక్కితే ఆగిపోతే బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్ బుష్‌లట. టై రాడ్ చివర్లూ వదులే. ఈ వదులు ఉండగా అలైన్‌మెంట్ నిలవదు, డబ్బులు తీసుకోనన్నాడు. అంత నిజాయితీకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇవాళ బుష్‌లు వేస్తున్నారు.