రెండు రోజుల్లో రెండు రాజధానులు

రోము, ఏథెన్సు నగరాలు చూడబోయేవారు వాటి చరిత్ర కాస్తయినా చదువుకుని మరీ బయలుదేరుతారు. ఒంగోలు నుంచి అద్దంకికి వెళ్ళే మనం మాత్రం పులిహోర పొట్లాలు కట్టుకుంటే చాలుననుకుంటాం. అద్దంకీ ఒకనాటి రాజధానే సుమా!

1323లో ఓరుగల్లు పతనమయింది. కాకతీయుల నీడ తొలగిన తీరదేశంలో, 1325 ప్రాంతాన ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యం స్థాపించాడు. శ్రీశైలానికీ అహోబలానికీ మెట్లు కట్టించిన ప్రభువు ఆయనే.

అయితే ఇక్కడ రాజప్రాసాదాల కోసం వెతికితే ఆశాభంగం తప్పదు. "కోట ఏదీ?" అని పిల్లలు అడగకముందే పెద్దలు ఒక సంగతి చెప్పాలి. ఈ ఊరి ఆస్తి అంతా తెలుగు పద్యంలో ఉంది. గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని శాసనం దొరికింది ఇక్కడే. క్రీ.శ. 848 నాటిదని చెప్పే ఆ శాసనంలో తరువోజ పద్యం ఉంది. అంటే నన్నయగారికి ఇంచుమించు రెండువందల ఏళ్ళ ముందే మన పద్యం నడక నేర్చిందన్నమాట! ఆ నన్నయగారు విడిచిన అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎఱ్ఱన, వేమారెడ్డి ఆస్థానకవి. హరివంశాన్ని ఆ ప్రభువుకే అంకితమిచ్చాడు. ఆయన రామాయణం మాత్రం మనకు దక్కలేదు.

మొదటిరోజు ఉదయం ఊరూ, గుండ్లకమ్మ ఒడ్డూ చూడండి. సాయంకాలం సింగరకొండ ఎక్కండి. పైన నరసింహస్వామి, దిగువన ప్రసన్నాంజనేయస్వామి, చెంతనే భవనాశి చెరువు. సందడి కావాలనుకునేవారు ఫాల్గుణ పౌర్ణమి తిరునాళ్ళకు వెళ్ళవచ్చు; ప్రశాంతత కోరేవారికి కార్తీక, మార్గశిర మాసాలు హాయి.

రెండవరోజు చిలకలూరిపేట మీదుగా కొండవీడు చేరండి. వేమారెడ్డి కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని అక్కడికి మార్చాడు. బయలునేల మీది ఊరికంటే కొండకోటను కాపాడుకోవడం సులువు గదా! 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఇదే. ఘాట్ రోడ్డున పైకి వెళితే ప్రాకారాలు, బురుజులు, చెరువులు కనిపిస్తాయి. పిల్లల ప్రశ్నకు అక్కడ జవాబు దొరుకుతుంది.

చూడవలసినవాటి పట్టిక కొండవీటి చాంతాడంత వద్దు. మంచినీళ్ళూ, ఫలహారమూ, ఒక హరివంశం ప్రతీ చాలు. అద్దంకి దాటకముందే అందులోంచి ఒక్క పద్యమైనా పిల్లలచేత పైకి చదివించండి. అక్కడ కోట లేని లోటు అప్పుడు అంతగా తోచదు.