ఇంటి కంప్యూటరుపై ఛాయాచిత్ర ప్రదర్శనము

ఛాయాచిత్రములను దీయుట నేడు మిక్కిలి సులభమైనది. వానిని ఇంటిల్లపాదియు కూర్చుండి చూచుటయే యరుదైనది. మా తండ్రిగారు దాచియుంచిన కాగితపు చిత్రములను, సుమారు మున్నూరింటిని, మేము స్కానరుద్వారా కంప్యూటరున కెక్కించితిమి. డెబ్బదియెనిమిదేండ్ల మా తల్లిగారు వానిని జూడగోరిరి. ఫోనుపై చూపగా, వారి వ్రేలు తగిలినంతనే చిత్రము జారిపోవుచుండెను. కావున పెద్ద తెరపై వరుసగా చిత్రములను జూపు మంచి సాఫ్ట్‌వేరును వెదకితిమి.

వెదకుటకు ముందే నాలుగు నియమముల నేర్పరచుకొంటిమి. చిత్రము తెరనిండుగా కనబడవలెను గాని, అంచులు తెగి యెవరి తలయు పోరాదు. నిలువుగా దీసినది నిలువుగానే కనబడవలెను. ఒక్కొక్క చిత్రము తెరపై నిలుచు కాలము మన చేతిలో నుండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మూలచిత్రమునందు ఎట్టి మార్పును జరుగరాదు.

ఈ విషయమున యంత్రములుగాని, ప్రోగ్రాములుగాని కలకాలము నిలుచునవి కావు. ఫిల్ము స్లైడులను తెరపై జూపు యంత్రముల తయారీని కొడాక్ సంస్థవారు 2004లో నిలిపివైచిరి. ఆ యేడే గూగుల్ సంస్థవారు పికాసా యను సాఫ్ట్‌వేరును కొని, ఉచితముగా నొసగిరి. అది యెందరికో ప్రియమైనది. అయినను 2016లో దానిని విరమించిరి. అందు కూర్చుకొనిన ఆల్బముల వరుస సామాన్యముగా ఇతర ప్రోగ్రాములకు దెలియదు. అందుచే మేము వరుసను సాఫ్ట్‌వేరున కప్పగింపక, చిత్రముల పేర్లయందే యుంచితిమి. 001, 002, 003 అని మూడంకెలతో పేర్లు పెట్టితిమి. ముందు సున్నలు లేనిచో కొన్ని ప్రోగ్రాములు 10ని 2కు ముందు నిలుపును.

తుదకు ఇర్ఫాన్‌వ్యూ అను చిన్న సాఫ్ట్‌వేరు నెన్నుకొంటిమి. ఇది 1996 నుండి యున్నది. విండోస్ కంప్యూటరులపై పనిచేయును. ఇంటివాడుకకు వెల లేదు. డబ్ల్యూ మీట నొక్కినచో స్లైడ్‌షో ఏర్పాట్లు తెరపైకి వచ్చును. అందు చిత్రములను జేర్చి, ఇన్ని సెకండ్లకొకటి యనిగాని, మీట నొక్కినప్పుడే మారవలెననిగాని నిర్ణయింపవచ్చును. చిత్రముతోబాటు తెలుగు వ్రాతయు గావలెనన్నవారికి లిబ్రేఆఫీస్ ఇంప్రెస్ అనుకూలము, అదియు నుచితమే.

మేము రెండు విధములను పరీక్షించితిమి. ఐదు సెకండ్లకొకటిగా నడపగా పిల్లలు సంతసించిరి. మా తల్లిగారు, “ఆగండి నాయనా, ఆ మూలనున్నది మా చిన్నత్త” అనునంతలో చిత్రము మారిపోయెను. పిమ్మట మీటను మా పెద్దబాబు కప్పగించితిమి. “నాయనమ్మా, మార్చనా?” అని యడిగియే వాడు మార్చుచుండెను. ఆ సాయంకాలము నలువది చిత్రములు మాత్రమే చూచితిమి; కాని అందలి యిరువదియార్గురి పేర్లును బంధుత్వములును మాకు దెలిసెను. అవి మా యింట మరియెవరికిని దెలియవు. ప్రతి పేరును ఆయా చిత్రపు అంకె ప్రక్కనే చేర్చితిమి.

కావున విద్యార్థులారా, రంగులు మెరయునట్టి, సంగీతము మ్రోగునట్టి సాఫ్ట్‌వేరును వెదకుటకు ముందు మీ యింటి పెద్దలను తెరయెదుట గూర్చుండబెట్టుడు. వారు చెప్పుచున్నంతసేపు ఆగగలిగినదే మంచి సాఫ్ట్‌వేరు. వారు చెప్పిన పేర్లను ఆనాడే వ్రాసికొనుడు. చిత్రముల నకలొకటి వేరు డిస్కునం దుంచుడు.