గాలం సెట్టు రెండుసార్లు కొన్న

పోయిన నెల సంఘం మీటింగ్ అయినంక ఇద్దరు పిల్లలు నన్ను ఆపి, "కాకా, హిప్పర్గా చెరువు మీద చేపలు పట్టనీకి రాడ్, రీలు కొనాలె, రెండు వేలల్ల మంచిది వస్తదా?" అని అడిగిండ్రు. నిలబడి చెప్తే తెగే ముచ్చట కాదని, రాసిస్తా అన్న. పత్రికల వేస్తే ఇంకా నలుగురికి పనికొస్తదని సంఘం వాళ్లు అన్నరు. నా చదువు నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకొని చదువుకోండి.

రెండు వేలల్ల వస్తది. కాని నేను రెండుసార్లు కొన్న. మొదటిసారి 1,850 రూపాయలు పెట్టిన, మూడు ఆదివారాలు కూడ నడువలే. రెండోసారి 1,720 పెట్టిన, నాలుగేండ్లు అయితున్నది, ఇంకా నడుస్తున్నది.

ముందు అసలు రీలు ఎందుకో చెప్తా. మా బావ ఇప్పటికీ వెదురు కర్రతోనే కూసుంటడు. కర్ర ఎంత పొడుగో దారం అంతే. పావుకిలో, అరకిలో చేపకు అది చాలు. కాని ఆ చెరువుల ఉండేది బొచ్చె, రోహు, మృగాల, బంగారు తీగ. బంగారు తీగను ఇక్కడి మార్కెట్ల సిప్రినస్ అంటరు. ఇవన్నీ ఒక్క కులపు చేపలే, అన్నీ పెద్దగ పెరుగుతయి. నాలుగైదు కిలోలది తగిలినప్పుడు గట్టిగ గుంజి పట్టుకుంటే దారమన్న తెగుతది, కొక్కెమన్న సాగుతది. అది ఉరికినప్పుడు దారం ఇయ్యాలె, అలసినప్పుడు తీసుకోవాలె. ఆ ఇచ్చిపుచ్చుకునే పని రీలుది. కర్ర వంగి దానికి సాయం చేస్తది, అంతే.

నేను పంతొమ్మిదేండ్లు మిల్లుల వైండింగ్ ఖాతల చేసిన. మిల్లు మూసినంక చద్దర్ల సాంచాల మీద చేసిన. తెగిన పోగు కండ్లకు కనపడకుండ అయ్యేసరికి ఇంట్ల కూసున్న. ఇంట్ల కూసున్న మొగోడు పొద్దుందాక ఏం జేస్తడు? బావ వెంట తుల్జాపూర్ రోడ్డు పట్టి చెరువుకు పోవుడు మొదలువెట్టిన. 1871ల ఇంగ్లీషోళ్లు కట్టించిన చెరువు అది. కట్ట మీద పొద్దున గాలి బాగుంటది. అక్కడ పడుచు పిల్లలు రీలు రాడ్‌లతోని దూరం విసురుతుంటే చూసి నాకు ఆశ పుట్టింది.

మా ఇంటామె బీడీలు చేస్తది. ఆ పైసలల్ల కొన్ని బిస్కెట్ డబ్బాల దాస్తది. ఆ ఏడు జూన్‌ల మనుమరాలి బూట్లకు, బ్యాగుకు అని దాచింది. ఏప్రిల్‌ల నేను ఆ డబ్బాలకెల్లి 1,850 తీసిన. చెప్పలే. ఒకటి రెండు పెద్ద చేపలు తెస్తే ఆమెనే మురుస్తది, అప్పుడు చెప్దాం అనుకున్న.

దుకాణంల ఎర్రగ మెరిసే సెట్టు చూపెట్టిండు. రాడ్, రీలు, దారం, కొక్కేలు, ఒక సంచి, అన్నీ కలిపి. "కాకా, పద్నాలుగు బేరింగ్‌లు, కార్బన్ రాడ్" అన్నడు. జీవితమంత బేరింగ్‌ల మధ్య బతికినోన్ని, ఒక్కసారి చెయ్యి వెట్టి తిప్పి కూడ చూడలే. రంగుకు పడిపోయిన.

మూడో ఆదివారం జొన్నపిండిల పల్లిపొడి కలిపి ముద్ద చేసి వేసిన. ఎండ ఎక్కంగ రాడ్ కొస ఒక్కసారి నీళ్లల్లకు వంగింది. రీలు దారం ఇయ్యలే. బ్రేకు మర కొంచెం వదులు చేస్తే ఒక్కసారే బారెడు వదిలింది, మళ్ల పట్టేసింది. మళ్ల వదిలింది, మళ్ల పట్టేసింది. నీళ్లల్ల ఇంత వెడల్పు తోక తిరిగింది, అంతే చూసిన. టప్పుమని తెగింది. బావ తన కర్ర ఇడిసిపెట్టి ఉరికొచ్చి, "అయిదు కిలోలు తక్కువ లేదు బావా" అన్నడు. 

ఇంటికొచ్చి రాడ్ మూలకు పెట్టిన. ఆమె చాటల ఆకు పెట్టుకొని బీడీలు కడుతున్నది. రాడ్‌ను చూసింది, వేలాడే దారం కొసను రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపింది. బీడీకి దారం కట్టే వేళ్లు అవి. "ఇది గుంజితే తెగింది గాదు. ఏడ్నో గీసుకపోయి తెగింది" అన్నది. చూస్తే నిజమే. కొస ముందర చేతెడు దూరం గరుకు గరుకుగ ఉన్నది. దేవుని గూట్ల నుంచి వత్తి తెచ్చి, "దీన్ని ఆ రింగులల్లకెల్లి తియ్యి" అన్నది. తీసిన. పై నుంచి రెండో రింగుల వత్తి దూది పట్టుకున్నది. లోపలి తెల్ల వలయం పెట్లిపోయి ఉన్నది, కంటికి కనపడనంత.

నాకు తల తీసేసినట్టయింది. మిల్లుల పింగాణి గైడు మీద గీత పడ్డదా అని పొద్దుగాల వేలు పెట్టి చూసుడు మా మొదటి పని. గీత ఉంటే ఆ కండెలన్నీ తెగుతయి, జాబర్ తిడుతడు. ఆ పని చేసినోన్నే, నా పైసలతోని కొనేటప్పుడు చూడలే. నా పైసలు కూడ గాదు.

"ఎంతకు తెచ్చినవ్?" అన్నది. అయిదు వందలు అన్న. ఆమె ఏమనలే. డబ్బా తెచ్చి నా ముందట్నే లెక్కపెట్టింది. మళ్ల మూత పెట్టింది. ఆ వారమంత మాట లేదు. మనుమరాలు బడి మొదలైన పది రోజులు చెప్పులతోనే పోయింది. తర్వాత బూట్లు వచ్చినయి. ఆ పైసలకు రాత్రి పన్నెండు దాక చాట ముందు కూసున్నది ఎవరో నేను చూసిన.

నేను ఎరుకైన సాంచాల మాలిక్ దగ్గర నెల రోజులు బద్లీ చేసిన. కండ్లు పనిచేయకున్న మోసుడు, కట్టలు కట్టుడు చేయొచ్చు కదా. వచ్చినయన్ని ఆమె చేతుల పెట్టిన. చెరువు దిక్కు పోలే. దీపావళి అయినంక ఆమెనే అన్నది, "ఇంట్ల కూసొని దగ్గుడు తప్ప ఏం జేస్తలేవు. పోయి సరిగ్గ ఉన్నది తెచ్చుకో. నేను గూడ వస్త." వత్తి సంచిల పెట్టుకొని వచ్చింది.

ఈసారి సెట్టు కొనలే, విడివిడిగ కొన్నం. రాడ్ 620, ఏడడుగులది, నిండు గ్లాస్ ఫైబర్, రెండు ముక్కలు. బరువు ఉంటది, నిజమే. కాని కట్ట రాళ్ల మీద పడ్డా ఏం గాదు. బోలుగ ఉండే కార్బన్ రాడ్ తేలిక, చేతికి హాయి, కాని రాయి తగిలి చిన్న పగులు వచ్చిందంటే పెద్ద చేప తగిలిన నాడే విరుగుతది. ఇంకొకటి, కార్బన్‌ల కరెంటు పారుతది. చెరువు గట్ల మీద మోటార్లకు పోయే తీగలు ఉంటయి, వాటి కింద ఏ రాడ్ కూడ ఎత్తొద్దు, కార్బన్‌ది అసలే వద్దు. ఒకదాంట్లకెల్లి ఒకటి గుంజే మడత రాడ్‌లు బస్సుల పోయేటోళ్లకు సులువుగ కనపడతయి గాని, కీళ్లల్ల ఇసుక పోతే పట్టేస్తయి, రింగులు పక్కకు తిరుగుతయి. రాడ్ మీద ఎన్ని గ్రాములు విసరొచ్చో రాసి ఉంటది. ఎర ముద్ద, సీసం గుండు కలిపి దానికి దాటొద్దు. మీడియం అని రాసింది మన పనికి సరిపోతది. రింగులన్నిట్లకెల్లి ఆమె వత్తి తీసింది. దుకాణపాయన నవ్విండు. మూడు రాడ్‌లు పక్కకు పెట్టించినంక నవ్వలే.

రీలు 850, 4000 నంబర్‌ది. ఈ మొత్తంల ఎక్కువ పైసలు పెట్టాల్సింది దీని మీదనే. బేరింగ్‌లు ఎన్ని అని అడుగొద్దు. స్పిండిల్‌కు మంచి బేరింగ్ ఒక్కటున్నా తిరుగుతది, చెత్తవి పద్నాలుగు ఉన్నా గుర్రుమంటది. హ్యాండిల్ పట్టుకొని అటు ఇటు ఊపి చూడండి, లొడలొడ అంటే వద్దు. వంపు తీగ పక్కన చిన్న రోలర్ ఉంటది, దారం అక్కడ్నే మలుగుతది. గోరుతోని తిప్పితే అది తిరగాలె. తిరగకుంటే కొన్నాళ్లకు దాని మీద గాడి పడి దారాన్ని కోస్తది. చివరికి బ్రేకు. మర సగం బిగించి దారం చేత్తోని గుంజండి. వెన్నల కత్తి దిగినట్టు సాఫుగ రావాలె. జర్కులు ఇస్తే ఎంత అగ్గువకు ఇచ్చినా వాపస్ ఇయ్యండి. నా చేప పోయింది దీంతోని, రింగుతోని, రెండింటితోని.

దారం 140. మన నూలు లెక్కల నంబర్ పెరిగితే పోగు సన్నం. తంగూసుకు ఉల్టా, నంబర్ పెరిగితే లావు. నాకు అది తలకెక్కనీకి కొన్ని రోజులు పట్టింది. 0.35 మిల్లీమీటర్లది తీసుకున్న, ఎనిమిది కిలోలకు తెగుతదని రాసి ఉండే. అల్లిన దారం ఖరీదు ఎక్కువ, అది సాగదు, మనకు అక్కర లేదు. తడి బట్టల నుంచి పోనిచ్చుకుంట బిగువుగ చుట్టాలె, కండె చుట్టినట్టే. వదులుగ చుడితే విసిరినప్పుడు గుడ్లు గుడ్లుగ ఊడి వస్తది. గిరక అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువ దాక నింపాలె. అడుగుకు పాత దారం చుట్టి పైన కొత్తది చుడితే పైసలు మిగులుతయి, ముడి మాత్రం చిన్నగ, గట్టిగ పడాలె. ముడి బిగించే ముందు ఉమ్మితోని తడుపండి, పొడిగ బిగిస్తే వేడికి దారం బలం పోతది. ఎండల ఉంచితే తంగూసు చచ్చిపోతది. ఏడాదికొకసారి మార్చేసుడు మంచిది.

మిగిలిన 110ల కొక్కేలు, సీసం గుండ్లు, బెండు. కొక్కెం మొన గోరు మీద పెడితే జారొద్దు, గుచ్చుకొని ఆగాలె. బొచ్చె పై నీళ్లల్ల తింటది, దానికి బెండు కట్టాలె. మృగాల, బంగారు తీగ అడుగున తింటయి, వాటికి సీసం చాలు. రోహు నడుమ తిరుగుతది. 

బ్రేకు ఎంత బిగించాలెనో చాల మందికి తెలువదు. దారం కొసకు రెండు లీటర్ల నీళ్ల బాటిల్ కట్టి రాడ్ మెల్లగ లేపండి. బాటిల్ నేల విడుస్తున్నదనంగ రీలు దారం వదలాలె. ఎనిమిది కిలోల దారానికి రెండు కిలోల బిగువు, నాలుగో వంతు. మిల్లుల టెన్షన్ వాషర్ కూడ గింతే కదా, తెగే బిగువు దాక ఎవడన్న పెడతడా?

చెరువు గుత్తకు తీసుకున్నోళ్లు ఉంటరు, చేప పిల్లలను వేసేది వాళ్లు. వాళ్లను అడిగి, వాళ్లు చెప్పిన పైసలిచ్చి కూసోండి. వానకాలం గుడ్లతోని ఉన్నది తగిలితే ఇడిసిపెట్టండి. తెగిన తంగూసు అక్కడ పారేయకుండ ఇంటికి తెండి, పిట్టల కాళ్లకు చుట్టుకుంటది.

కొత్త రాడ్‌కు మొదట తగిలింది బంగారు తీగ, మూడు కిలోల మీద కొంచెం. రీలు కొంచెం కొంచెం దారం ఇచ్చుకుంట పోతుంటే ఆ సప్పుడు విని నాకు వైండింగ్ ఖాత గుర్తొచ్చింది. ఆమె పులుసు చేసి బావ ఇంటికి గూడ పంపింది. మనుమరాలు ముల్లు గుచ్చుకుంటదని తినలే.

ఎర్ర రాడ్‌ను పారేయలే. రింగులు పీకేసి దోమతెర కట్టెకు పెట్టిన.

ఆ ఇద్దరు పిల్లలు దుకాణానికి పోయేటప్పుడు నన్ను పిలువండి. ఆదివారం అయితే వస్త. వత్తి మా ఇంటామె ఇస్తది.