చైనా మాటకు ఏ నిఘంటువు?

మా తాండూరువాళ్లకు భాషలు నేర్చుకోవడానికి నిఘంటువుతో పనేముందండీ! కర్ణాటక సరిహద్దు పక్కనే. కూరగాయలామెతో తెలుగు, బట్టల దుకాణంలో ఉర్దూ, గుల్బర్గా వైపు చుట్టాలొస్తే కన్నడం. చెవిన పడి పడి నోటికి వచ్చేస్తాయి. అందుకే మా చిన్నమ్మాయికి చైనాలో డాక్టరు సీటు ఖాయమయ్యాక, "భాషదేముంది, నాలుగు నెలలుంటే అదే వస్తది" అనేశారు మావారు. పైగా చదువంతా ఇంగ్లీషులోనే కదా అని ధీమా.

చదువు ఇంగ్లీషే, ఒప్పుకుంటాను. మరి రోగులు? మన జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నియమాల ప్రకారం విదేశంలో చదివే పిల్లలు 54 నెలల చదువుతో పాటు 12 నెలల ఇంటర్న్‌షిప్ కూడా ఆ సంస్థలోనే చేయాలి. అంటే ఏడాది పాటు అక్కడి ఆసుపత్రి మంచాల పక్కన నిలబడాలి. మంచం మీది ముసలమ్మ తన బాధ ఇంగ్లీషులో చెప్పుకుంటుందా?

ఆ భాష సంగతి కాస్త వినండి. దగ్గుకు వాడే మాటలో మొదటి అక్షరమూ, దాహానికి వాడే మాటా రెండూ మన చెవికి "ఖ" లాగే వినబడతాయి. గొంతు పైకి లేస్తే దగ్గు, కిందికి దిగి లేస్తే దాహం. "మై" అనే మాట కూడా అంతే, ఒక రాగంలో కొనడం, ఇంకో రాగంలో అమ్మడం. మా మార్కెట్ యార్డులో కందుల బేరం ఈ భాషలో జరిగితే ఎవరు కొంటున్నారో ఎవరు అమ్ముతున్నారో తేలేసరికి పొద్దుగూకుతుంది!

సరే, నిఘంటువు కావాలని తేలింది. ఏది? తెలుగు నుంచి నేరుగా చైనా భాషకు పనికొచ్చేది మాకు దొరకలేదు. ఇంగ్లీషు వచ్చినవాళ్ల కోసం చేసినవే చూసుకోవాలి. మావారి లెక్క, ఎక్కువ మాటలున్నది కొనడం. వికారాబాదులో ఉండే మా చెల్లెలిది ఇంకో లెక్క. "అక్కా, ఫోన్ల పెట్టిస్తే పిల్ల సదువుతదా? వీడియోలే సూస్తది. చేతి మిషనే మంచిది" అని, తెలిసినవాళ్లు ఎప్పుడో చైనా నుంచి తెచ్చుకున్న చిన్న నిఘంటువు యంత్రం అడిగి తెచ్చిపెట్టింది. రైలెక్కి వికారాబాదు వెళ్లాం, చూసొద్దామని.

దుకాణంవాడు చెప్పేది వినడం కాదు, పప్పు ఉడికించి చూస్తేగాని తెలియదు కదా. చెల్లెలింట్లో వేడినీళ్ల ఫ్లాస్కు ఉంది, దాని పెట్టె మీద మూడు చైనా అక్షరాలు. "ఇవేంటో చెప్పించండి" అన్నాను. యంత్రంలో మాట వెతకాలంటే దాని ఉచ్చారణ కొట్టాలి. చదవరాని అక్షరం ఉచ్చారణ మనకెలా తెలుస్తుంది? పోనీ ఇంగ్లీషు మాట కొడితే అర్థం చైనా లిపిలో వస్తుంది, పక్కన పలికే తీరు ఉండదు. విషయమేమిటంటే ఆ యంత్రం ఇంగ్లీషు నేర్చుకునే చైనావాళ్ల కోసం చేసింది. వాళ్లకు బంగారం, మనకు పెట్టె.

ఫోనులో అమ్మాయి ప్లెకో అనే నిఘంటువు తెరిచి, ఆ అక్షరాలను వేలితో ముగ్గులా గీసింది. గీత కాస్త వంకర పోయినా పట్టుకుంది. "బావ్ వెన్ బెయ్": కాపాడు, వెచ్చదనం, గిన్నె లాంటి కప్పు. అంటే వేడిని కాపాడే కప్పు! మా చెల్లెలు ఆ పెట్టెను తిప్పి తిప్పి చూసుకుంది.

ఇంకో తమాషా అక్కడే చూశాం. వెచ్చదనం అక్షరానికి ఎడమవైపు మూడు నీటి చుక్కలుంటాయి. నది, చారు, నూనె, చెమట, కన్నీళ్లు, అన్నిటికీ అవే చుక్కలు. ఇందాక చెప్పిన దాహానికీ ఉన్నాయి. దగ్గుకేమో చుక్కల బదులు నోరు, చిన్న పెట్టెలాగా. ఇలాంటి భాగాలు 214గా లెక్కవేసి, వాటి వరుసలో మాటలు పేర్చారు 1716 నాటి కాంగ్షీ నిఘంటువులో. అక్షరాన్ని విప్పి ఈ భాగాలు చూపించే నిఘంటువయితే పిల్లలకు గుర్తుండడం తేలిక.

మాటల సంఖ్య గురించి మావారితో పెద్దగా వాదించనక్కర్లేకపోయింది. 1997లో మొదలై ఎందరో కలిసి పెంచుతున్న సీసీ-సెడిక్ట్ అనే ఉచిత నిఘంటువులోనే లక్షకు పైగా మాటలున్నాయి. చాలా ఫోను నిఘంటువులు దాన్నే వాడుకుంటాయి. ఇక చూడాల్సింది రాగం గుర్తు ప్రతి మాట మీదా ఉందా, పలికి వినిపిస్తుందా, వాక్యంలో వాడి చూపిస్తుందా అన్నదే.

ఇంటర్నెట్ లేకపోయినా పనిచేయాలి, ఇది మరీ ముఖ్యం. గూగుల్ సేవలు చైనాలో నడవవు. మిగిలిన అనువాదం పేజీని కూడా 2022లో తీసేశారు. కాబట్టి విమానం ఎక్కకముందే ఇంట్లో అన్నీ దించుకుని, ఒకసారి ఫోనులో నెట్ ఆపేసి పరీక్ష చేసుకోవాలి. ప్లెకోలో మామూలు నిఘంటువుకు డబ్బులక్కర్లేదు. కెమెరా పెడితే అక్షరాలు చదివిపెట్టే సౌకర్యానికి మాత్రం చెల్లించాలి. మందు చీటీలు, బోర్డులు చదవాలి కదా అని అదొక్కటీ కొనిచ్చాం. మిగతావి అవసరమొచ్చినప్పుడు చూసుకోవచ్చు. వీడియోల సంగతంటారా, అది నిఘంటువు ఆపేది కాదు, చెల్లెలికీ అదే చెప్పాను.

అమ్మాయి వెళ్లాక ఫోనులో చెప్పింది, కొలత మాటలూ వెతుక్కోవాల్సి వస్తోందట. మనం కొత్తిమీర కట్ట, వెల్లుల్లి పాయ అంటామే, అలా అక్కడ ప్రతి వస్తువుకూ ఒకటుంటుంది. చేపకూ దారికీ ప్యాంటుకూ ఒకే మాట, పొడుగ్గా ఉంటాయి కాబట్టి. కాగితానికీ బల్లకూ మంచానికీ ఇంకొకటి. మంచి నిఘంటువయితే మాట పక్కనే అదీ రాసి ఉంటుంది. మేం ఎండబెట్టి పంపిన కరివేపాకు రెబ్బకు ఏది వాడాలో మాత్రం అమ్మాయి ఇంకా వెతుకుతోంది.