అల్యూమినియపు మెఱుగు

మా తండ్రిగారికి 1961 నాటి జాగ్వార్ మార్క్ 2 కారొకటి కలదు. దాని యింజనుమీద జంటగా రెండు పొడవైన అల్యూమినియపు మూతలుండును. 1948లో లండను మోటారు ప్రదర్శనమున ఆ జాతి యింజను మొదట వెలువడినప్పటినుండియు వానికి మెఱుగు పెట్టుట వాడుక. మావి మాత్రము బూడిదవర్ణమున నుండెను.

మేమన్నదమ్ములము వానిని బాగుచేయ బూనితిమి. జిడ్డు త్వరగా వదలునను నాశతో మొదటిమూతను కాస్టిక్ సోడా నీట ముంచితిమి. బుడగలు పొంగినవి, తీసిచూడగా మూత నల్లబడి, సన్నని గుంటలు పడియుండెను. క్షారము ఈ లోహమునే కరగించునని బడిలో చదివియుంటిమి. ఆ వేళ జ్ఞప్తికి రాలేదు. తండ్రిగారేమియు ననలేదు. తాళములు మాత్రము చాలదినములు వారి జేబులోనే యుండెను.

రెండవమూతను కిరసనాయిలుతో కడిగితిమి. 400 నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్ది, పిదప 600, ఆపై 1000కి మాఱితిమి. కాగితము మార్చినప్పుడెల్ల అడ్డదిశను రుద్దవలెను. లేనిచో పాతగీతలు పోయినదియు లేనిదియు తెలియదు. నట్ల చుట్టునుండు పల్లములలో వ్రేలికొనయే సాధనము. అచ్చటనే రెండాదివారములు గడచెను! కడపట పాలిష్ ముద్దతో తుడువగా మా మొగములు కానవచ్చినవి.

గాలి సోకినంతనే అల్యూమినియముపై పలుచని ఆక్సైడు పొర యేర్పడి లోహమును గాపాడును గాని, తేమయు ధూళియు చేరిన మెఱుగు మాయును. వార్నిషు పూయుడని కొందఱనిరి. వేడికి పసుపెక్కునని మేము మానితిమి. నెలకొకసారి, ఇంజను చల్లారిన పిమ్మట, మైనము రాచుచున్నాము.

మొదటిమూత గుంటలు ఎంత రుద్దినను పూర్తిగా పోలేదు. బానెట్టు తెఱచినప్పుడు చుట్టములు రెండవదానిని మెచ్చుకొందురు. తండ్రిగారు మొదటిదాని నొకసారి తడిమి, మావంక జూచి నవ్వుదురు.