ఎప్పుడు పెట్టాలన్నదీ లెక్కే

హోసూరు పక్కన మత్తిగిరి పశువుల ఫారం 1824లో పెట్టింది ఆవులకోసం కాదు, సైన్యానికి గుర్రాలకోసం. గుర్రానికి అదేపనిగా తవుడే పెడితే భాస్వరం ఎక్కువై, కాల్షియం చాలక, ఒళ్ళు దాన్ని ఎముకల్లోంచే లాక్కుంటుంది. మొహం ఎముకలు ఉబ్బిపోతాయి.

ఇప్పుడు హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో సీమావులు పెరిగాయి. ఎముకల చిక్కు వీటికీ ఉంది, దారి వేరు. మా వీధిలో ఒక ఆవు మూడో ఈత ఈనిన మర్నాడే పడిపోయింది. మెడ డొక్కవైపు తిప్పుకొంది, చెవులు చల్లబడ్డాయి. పాలజ్వరమన్నారు డాక్టరు. పేరుకే జ్వరం, ఒళ్ళు వేడెక్కదు. జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా పోవడంవల్ల వస్తుంది. నరానికి కాల్షియం మెల్లగా ఎక్కించారు. తొందరపడితే గుండె ఆగవచ్చు. కాసేపటికి ఆవు లేచి నిలబడింది.

“చూడిలో సీసాలు సీసాలుగా కాల్షియం తాగిస్తిమే సారూ!” అని ఆ ఇంటి అవ్వ వాపోయింది.

“అదే చిక్కమ్మా” అన్నారాయన. చూడి చివరి వారాల్లో కాల్షియం అతిగా అందితే, ఎముకల్లోంచి తీసుకునే పని ఒళ్ళు మానుకుంటుంది. ఈనగానే అవసరం మీదపడితే తట్టుకోలేదు. ఆ సీసా ఈనే వేళకు, ఈనినాక కావాలి.

మన కొట్టాల్లో ప్రేమకు కొదవ లేదు. ఎంత పెట్టాలో చూస్తాం. ఎప్పుడు పెట్టాలో కూడా డాక్టరును అడుగుదాం.