ఊపిరికి తావేది?



పట్టణమునకు బిడ్డను పంపని యిల్లు నేడు ఏ పల్లెలో నున్నది? ఒకరి కుమారుడు హైదరాబాదులో సెంట్రింగు పనికి పోవుచున్నాడు. ఒకరి కోడలు నాలుగిండ్లలో పాచిపని చేయుచున్నది. వేరొకరి మనుమడు కంప్యూటరు ముందు కూర్చుండు కొలువు సంపాదించెను. ఆదివారము ఆరాధనలో ముసలివారును పసివారును కనబడుదురు గాని, నడివయస్సువారు కూర్చుండవలసిన చాపలు ఖాళీగా నుండును. వారు పంపు డబ్బెంతయో మనకు తెలియును. పండుగకు వారు తెచ్చు బట్టలు మనకు తెలియును. అయితే వారు పీల్చు గాలి ఎట్టిది, రాత్రి వారు నడుము వాల్చు చోటెంత అని అడుగువారు తక్కువ. ఈ నెల ఆ సంగతినే మీతో ముచ్చటింప గోరుచున్నాను.

నేను ఆ పట్టణమునకు క్రొత్తవాడను కాను. 1993లో వేదశాస్త్రము చదువుటకు వెళ్ళి, నాలుగేండ్లు హుస్సేన్‌సాగరుకు దాపున నుంటిని. ఆదివారములలో సైకిలు మీద శివారు సంఘములకు పోయి వాక్యము చెప్పి వచ్చుచుండెడివాడను. మాదాపూరు వైపు ఆ దినములలో బండలును పొదలును మెండు. 1998లో అక్కడ సైబర్ టవర్సు అను భవనము తెరువబడినది మొదలు ఆ బండల మధ్య అద్దాల మేడలు లేచినవి. 2007లో చుట్టునున్న 12 మునిసిపాలిటీలను కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పరచిరి. ఆ మీదట 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పడినది. నేడు ఇండ్లు దానిని కూడ దాటి పోవుచున్నవి. సంఘస్థులను దర్శించుటకు ఏటా మూడు నాలుగు మార్లు ఇప్పటికిని వెళ్ళుచున్నాను గాని, ఆ రోడ్ల మీద సైకిలు త్రొక్కు ధైర్యము మాత్రము లేదు.

ఒక వింత చూడుడి. ఈ నగరము పుట్టుటకే ఇరుకు ఒక కారణము. గోలకొండ కోటలో జనము క్రిక్కిరిసి, నీటికి ఎద్దడి కలిగినందుననే 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా మూసీకి ఆవలి దరిని క్రొత్త నగరమును కట్టించెనని చరిత్రకారులు చెప్పుదురు. మూడు వందల యేండ్లు గడచుసరికి ఆ క్రొత్త నగరమే ఇరుకైనది. 1908లో మూసీ వరద వచ్చి వేలకొలది జనులను కొనిపోయెను. 1911లో ప్లేగు వచ్చెను. అప్పుడు, 1912లో, నిజాము ప్రభుత్వము నగరాభివృద్ధి మండలి నేర్పరచి, గాలి వెలుతురు చొరని సందులను కొట్టివేయించి, బీదలకు వరుస యిండ్లు కట్టించెను. ఇరుకు మనుష్యులు చేసినదే గనుక మనుష్యులే దానిని తీసివేయగలరని దీనివలన తెలియుచున్నది.

నేటి ఇరుకు ఎంతటిదో లెక్కలో చెప్పుదును. 2011 జనాభా లెక్కల ప్రకారము మా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చదరపు కిలోమీటరునకు 245 మంది యుండిరి. హైదరాబాదు జిల్లాలో అంతే నేలకు 18,172 మంది. అనగా ఇక్కడ ఒక్కడు మసలు చోట అక్కడ డెబ్బది మందికి పైగా మసలుదురు. మన పెద్దకోడలు కసవు ఊడ్చు వాకిలిలో అక్కడ రెండు సంసారములు వండుకొని, తిని, పిల్లలను పెంచుచున్నవి.

ఇక గాలి మాట. చలికాలమున తెల్లవారుజామున మీరు చెఱువుగట్టు మీదికి వెళ్ళినయెడల, పొయ్యిలనుండి లేచిన పొగ పైకి పోక ఊరి మీదనే దుప్పటివలె పరచుకొని యుండుట చూచియుందురు. రాత్రి నేల చల్లబడుటచేత దానినంటిన గాలియు చల్లబడి బరువెక్కును. పైనున్న వెచ్చని గాలి దానికి మూతవలె నగును. ప్రొద్దెక్కి నేల వేడెక్కువరకు ఆ మూత తొలగదు. మన యూరిలో ఆ మూతక్రింద కొలది పొయ్యిల పొగ మాత్రమే యుండును. పట్టణములో లక్షలాది బండ్ల పొగ, కర్మాగారముల పొగ, కట్టుచున్న మేడల సిమెంటు ధూళి, వీధి చివర తగులబెట్టిన చెత్త పొగ, అన్నియు ఆ మూతక్రిందనే నిలుచును.

ఆ ధూళిలో కంటికి కనబడు రేణువులను ముక్కు చాలవరకు ఆపును. కనబడని రేణువులే కీడు. వాటిని పి.యం. 2.5 అందురు, మన తలవెండ్రుక మందములో ఇంచుమించు 30వ వంతు. అవి ఊపిరితిత్తుల అడుగువరకు దిగును. వాటిలో మిక్కిలి సన్ననివి రక్తములో కూడ కలియును. దమ్ము మాత్రమే కాదు, గుండెపోటునకును పక్షవాతమునకును అవి కారణమగునని వైద్యులు కనుగొనిరి. ఘనపు మీటరు గాలిలో ఈ రేణువులు సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. 5 మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పెను. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వము స్వచ్ఛవాయు కార్యక్రమమును ఆరంభించి, గాలి చెడిన 102 పట్టణముల పట్టిక వేసెను. అందులో హైదరాబాదు, పటాన్‌చెరువులతో కూడ మా నల్లగొండ పేరును ఉన్నది. కాబట్టి ఇది దూరపు కథ యని ఎవరును అనుకొనవద్దు.

మా సంఘమునకు చెందిన ఒక కుటుంబము బాలానగరు దాపున నుండును. వారి పేర్లు చెప్పను. 2022 డిసెంబరులో నేను వారిని చూడబోతిని. అది రేకుల గది; నిడివి పది అడుగులు, వెడల్పు పది అడుగులు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, భర్త తమ్ముడు, ఐదుగురు అందులోనే. కిటికీ లేదు. తలుపు తెరచినయెడల లారీలు పోవు రోడ్డు ధూళి. మూసినయెడల గ్యాసుపొయ్యి ఉక్క. రాత్రి దోమలకు వెలిగించిన చుట్ట పొగ. ఐదేండ్ల చిన్నవాడు గోడకు ఆనుకొని కూర్చుండి, పిల్లిపిల్ల కూతవంటి చప్పుడుతో ఊపిరి తీయుచుండెను. పెద్దవారికంటె పిల్లలు నిమిషమునకు ఎక్కువసార్లు ఊపిరి తీయుదురు గనుక, తమ ఒంటి బరువును బట్టి చూడగా వారు పీల్చు ధూళియు ఎక్కువే.

ఆ తల్లి నాకు కుర్చీ వేసి, నేలమీద కూర్చుండి ఇట్లనెను: "అయ్యగారూ, డాక్టరుగారు ఉబ్బసమన్నారు. పిల్లవాణ్ణి ఊరికి పంపించమంటారా, ఇక్కడే ఉంచుకోమంటారా? అక్కడ అత్తమ్మ ఉన్నది. కానీ వీడు నన్ను విడిచి ఒక్క రాత్రి కూడా పడుకోడు."

ప్రార్థన చేసి లేచుట సులభము. ఊరి గాలి మంచిది, పంపుమని చెప్పుట ఇంకను సులభము. "అమ్మా, నేను ఊరిలో ఇల్లు చూచి వచ్చి చెప్పుదును" అంటిని.

ఆ వారములోనే అవ్వ యింటికి వెళ్ళితిని. వంటగది పడకగది ఒక్కటే. మూడు రాళ్ళ పొయ్యిలో పత్తికట్టె మండుచుండెను. దూలములు మసిబారి మెరయుచుండెను. ప్రక్కన గ్యాసు స్టవ్వు గుడ్డ కప్పుకొని యున్నది. అదేమని అడుగగా, "చుట్టాలొచ్చినప్పుడు ముట్టిస్తం అయ్యగారూ. దినాం ముట్టిస్తే సిలిండరు ఎన్ని రోజులొస్తది?" అనెను. 2016లో ఉజ్జ్వల పథకము వచ్చినది మొదలు దేశములో కోట్లకొలది బీద ఇండ్లకు గ్యాసు చేరినది గాని, మరల నింపించు ఖర్చునకు జంకి పొయ్యి రాళ్ళను విడువని ఇండ్లు అనేకములు. ఆ సాయంకాలము ఊరి వెలుపల పొలములలో వరికొయ్యలను తగులబెట్టిరి. మిషను కోసి విడిచిన గడ్డిని ఎత్తుటకు కూలీలు లేరు, యాసంగి నాటుకు వేళ మించుచున్నదని రైతులందురు. చీకటి పడుసరికి ఆ పొగ ఊరిలోనికి దిగినది. అవ్వయే దగ్గసాగెను.

ఆ చిన్నవానికి పట్టణములోను ఊపిరికి తావు లేదు. మన ఊరిలోను మనము తావుంచలేదు.

మరుసటి ఆదివారము సాయంకాలము అవ్వను, తాతను, ఇద్దరు సంఘపెద్దలను కూర్చుండబెట్టి మాటలాడితిమి. బిడ్డను తల్లినుండి విడదీయుట ఎవరికిని ఇష్టము లేదు. తాత చాలసేపు నేల చూచుచుండి, "మా వానికి మంచి గది తీసుకొనుటకు ఏమి అడ్డము?" అని అడిగెను. కిరాయి అడ్డమని చెప్పితిని. అప్పుడాయన, "బియ్యము మేము పంపుదుము. బియ్యపు డబ్బు కిరాయికి పెట్టుకొనుమనుడి" అనెను. నెలకొక మూట బియ్యము, పప్పు, మిరపపొడి బస్సులో పోవుట ఆరంభమాయెను. సంక్రాంతి తరువాత వారు లారీల రోడ్డునకు రెండు సందుల వెనుక, రెండవ అంతస్తులో, ఎదురెదురు కిటికీలున్న గదికి మారిరి. దోమల చుట్ట మానివేసి దోమతెర కట్టిరి. డాక్టరు వ్రాసిన, నోటితో పీల్చెడి మందును మానక వాడిరి. ఆ మందు అలవాటు పడునని అవ్వ భయపడెను. మన పల్లెలలో చాలమందికి ఈ భయమున్నది. అది నిజము కాదు. వైద్యుడు చెప్పకుండ దానిని మానుటయే అపాయము.

బిడ్డ పూర్తిగా స్వస్థుడాయెనని నేను చెప్పను. చలికాలము వచ్చినప్పుడు ఇప్పటికిని దగ్గును. అయితే అర్ధరాత్రి వానిని ఎత్తుకొని ఆస్పత్రికి పరుగెత్తు రాత్రులు తగ్గినవి. వేసవి సెలవులకు వాడు ఊరికి వచ్చినప్పుడు అవ్వ గ్యాసు ముట్టించి వండుచున్నది. కట్టెలపొయ్యి పెరటి చెట్టుక్రిందికి పోయినది.

పట్టణమును దూషించుట నా ఉద్దేశము కాదు. బోరుబావులు ఎండిన యేడు మన బిడ్డలకు అన్నము పెట్టినది ఆ పట్టణమే. పెద్ద రోగము వచ్చినప్పుడు మనము చేరునది అక్కడి ఆస్పత్రికే. అభివృద్ధి కావలెనన్న పొగ భరింపక తప్పదని కొందరందురు. 1952 డిసెంబరులో లండను నగరమును బొగ్గుపొగ ఐదు దినములు క్రమ్ముకొనగా, సుమారు 4,000 మంది చనిపోయిరని అప్పుడు లెక్క వేసిరి. ఆ సంఖ్య ఇంకను ఎంతో ఎక్కువని తరువాతివారు తేల్చిరి. ఆ జనులు అది తమ విధి యని ఊరకుండలేదు. 1956లో చట్టము చేసి, ఇండ్లలో మండు ఇంధనమును మార్చిరి. మన దేశములోను 2020 ఏప్రిలు నుండి పొగ తక్కువ విడుచు ఇంజనులుగల బండ్లనే క్రొత్తగా అమ్మవలెనను నియమము వచ్చెను. హైదరాబాదులో 2017 నవంబరు నుండి మెట్రో రైలు నడచుచున్నది. ఇవి చాలవు గాని, దారి ఉన్నదని చూపుచున్నవి.

కాబట్టి, ప్రియులారా, మన చేతిలోనున్న పనులు కొన్ని చెప్పుదును. పొలము తగులబెట్టకుడి, నీరు పెట్టి కలియదున్నినయెడల ఆ కొయ్యలే మురిగి ఎరువగును. ప్లాస్టికు చెత్తను వాకిట కాల్చకుడి. దాని పొగ విషము. పసిబిడ్డ యున్న యింట పొయ్యిని బయటికి మార్చుడి. పట్టణమునకు పోవు బిడ్డకు డబ్బులు ఇచ్చునప్పుడు, "నాయనా, కిటికీ ఉన్న గది చూచుకో" అని చెప్పి పంపుడి. మూసిన గదిలో ఎక్కువమంది పడుకొనుచోట ఒకని క్షయ అందరికి అంటును. రెండు వారములు విడువని దగ్గును ఎవరును దాచవద్దు, సర్కారు ఆస్పత్రిలో పరీక్షయు మందులును ఉచితముగా దొరకును.

సంఘపెద్దలారా, పట్టణమునకు పోయిన వారి పేర్లు ఒక పుస్తకములో వ్రాసికొనుడి. నెలకొకసారి ఫోను చేసి, జీతము సంగతి తరువాత అడుగుడి. మొదట రాత్రి నిద్ర పట్టుచున్నదా, పిల్లలు దగ్గుచున్నారా అని అడుగుడి. తాత అడిగినట్లు, ఏమి అడ్డమని అడుగుడి. ఒక్కొక్కప్పుడు ఆ అడ్డము ఒక బియ్యపు మూటతో తొలగునంత చిన్నది.

మనిషికి ఊపిరి దేవుడిచ్చినదని మనము చిన్ననాటనుండి నేర్చుకొన్నాము. దానిని మనము చేయలేము, కొనలేము. పొరుగువాని ఊపిరికి తావుంచుట మాత్రము మన చేతిలో నున్నది. ఈ చలికాలము వచ్చులోపుననే ఆ పని ఆరంభించుదము.